గాలి కనిపించే కొండ

ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ పాదాల దగ్గరి ఒక చిన్న శిఖరం ఎక్కితే దూరం, రాయి, గాలి మూడూ ఒకేసారి చదువుకోవచ్చు

ఒక జనవరిలో నాలుగు రోజుల తేడాతో ఒకే కొండను రెండుసార్లు ఎక్కాను. కొండ పేరు కోర్నిత్సోలో, ఎత్తు 1241 మీటర్లు. ఉత్తర ఇటలీలో లెక్కో పట్టణం పక్కన, ఆల్ప్స్ పర్వతాలు మైదానంలోకి దిగే చోట ఉంది. మొదటి రోజు శిఖరం మీద ఎండ కాస్తోంది, ఆకాశం నిర్మలంగా ఉంది. కానీ దక్షిణాన సుమారు 40 కి.మీ. దూరంలో ఉండాల్సిన మిలాన్ నగరం కనిపించలేదు. దాని బదులు, నా పాదాల కింద నుంచి దిగంతం దాకా బూడిద రంగు దుప్పటి ఒకటి పరుచుకుని ఉంది.

నాలుగు రోజుల తర్వాత అదే బండమీద నిలబడ్డాను. ముందురోజు రాత్రంతా ఉత్తరం నుంచి గాలి వీచింది. ఈసారి మిలాన్ ఎత్తైన భవనాలను విడివిడిగా గుర్తుపట్టగలిగాను. వాటి వెనక, పో నది మైదానానికి ఆవలి ఒడ్డున, సుమారు 130 కి.మీ. దూరంలోని అపెనైన్ కొండల వరుస గీత గీసినట్టు కనిపించింది. పడమట మంచుతో మెరుస్తున్న మాంటె రోసా. దాని దూరం 110 కి.మీ. పైమాటే.

కొండ అదే, కళ్లు అవే. మారింది మధ్యలో ఉన్న గాలి ఒక్కటే. కొండమీది దృశ్యం అందంగా ఉందా లేదా అని మాత్రమే చూడటం మనకు అలవాటు. నిజానికి అదొక కొలత కూడా.

నడక ఎలా ఉంటుంది

కోర్నిత్సోలోకి చాలా దారులు ఉన్నాయి. నేను చివాతే అనే ఊరి నుంచి బయలుదేరాను. సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊరి చివర మొదలయ్యే రాళ్లు పరిచిన పాత కంచరగాడిదల బాట గంటసేపటిలో సాన్ పియెత్రో అల్ మోంతె అనే మఠానికి చేరుస్తుంది. లోపల 11-12 శతాబ్దాల నాటి కుడ్యచిత్రాలు ఉన్న ఈ కట్టడానికి ఇప్పటికీ జనం నడిచే వస్తారు. అక్కడి నుంచి అడవి గుండా, ఆ తర్వాత గడ్డి వాలు మీదుగా మరో గంటన్నర, రెండు గంటలు ఎక్కితే శిఖరం.

దారి పొడవునా చెట్ల మీద, బండల మీద ఎరుపు, తెలుపు రంగు పట్టీలు ఉంటాయి. ఇటలీ పర్వతారోహకుల సంఘం వాడే గుర్తులివి. 1863లో స్థాపించిన ఈ సంఘం కాలిబాటలను కష్టాన్ని బట్టి వర్గాలుగా విడదీస్తుంది. 'టి' అంటే ఎవరైనా నడవగలిగేది, 'ఇ' అంటే కొండనడక అలవాటున్నవారికి, 'ఇఇ' అంటే అనుభవజ్ఞులకు మాత్రమే. దారిపలకల మీద కిలోమీటర్ల కంటే ఎక్కువగా కనిపించేది పట్టే సమయం. ఎక్కుడు ఎంత అన్నది తెలియకుండా దూరం ఒక్కటే తెలిస్తే కొండల్లో ఉపయోగం లేదు కాబట్టి ఈ పద్ధతి సబబే. చలికాలంలో ఉత్తరపు వాలుల మీద మంచు గడ్డకట్టి జారుతుంది. వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన రావచ్చు. చిన్న కొండే కదా అని మామూలు చెప్పులతో బయలుదేరడం మంచిది కాదు.

ఎంత ఎత్తు నుంచి ఎంత దూరం?

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎంత ఎత్తు నుంచి చూసినా చూపుకి ఒక హద్దు ఉంటుంది. దానికి సులువైన లెక్క ఒకటి ఉంది. చుట్టూ ఉన్న నేల కంటే మనం ఎన్ని మీటర్ల ఎత్తులో ఉన్నామో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి 3.57తో గుణిస్తే దిగంతం దూరం కిలోమీటర్లలో వస్తుంది.

మిలాన్ సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే కోర్నిత్సోలో శిఖరం మైదానం కంటే దాదాపు 1120 మీటర్లు ఎత్తు. దీని వర్గమూలం 33.5. గుణిస్తే దాదాపు 120 కి.మీ. అయితే గాలి కిందికి వెళ్లేకొద్దీ చిక్కనవుతుంది కాబట్టి కాంతి తిన్నగా రాదు, భూమి వంపు వైపుకే కాస్త వంగుతుంది. ఈ వక్రీభవనం వల్ల చూపు మరో 8 శాతం సాగి, సుమారు 130 కి.మీ. అవుతుంది. అవతల ఉన్నది కూడా కొండే అయితే దాని శిఖరం ఈ హద్దు దాటి కూడా పైకి కనిపిస్తుంది. కాబట్టి 1724 మీటర్ల లెసీమా వంటి అపెనైన్ శిఖరాలకు భూమి వంపు అడ్డమే కాదు.

ఈ లెక్కలో ఉన్న వర్గమూలాన్ని గమనించాలి. ఎత్తు నాలుగింతలైతే దూరం రెండింతలే అవుతుంది. అందుకే మైదానం అంచున ఉన్న వెయ్యి మీటర్ల కొండ, లోపల ఎక్కడో పర్వతాల మధ్య ఉన్న మూడు వేల మీటర్ల శిఖరం కంటే విశాలమైన దృశ్యం ఇవ్వవచ్చు. ఎత్తు ఎంత అన్నదాని కంటే ముందు ఏం అడ్డం ఉంది అన్నదే ముఖ్యం.

జ్యామితి ప్రకారం అపెనైన్ కొండలు రోజూ కనిపించాలి. ఏడాదిలో చాలా రోజులు కనిపించవు. ఇక్కడి నుంచి కథ గాలిది.

తిరగేసిన చక్రవడ్డీ

దూరపు కొండ మన కంటికి ఆనడానికి కారణం దాని వెనకున్న ఆకాశానికి, దానికి మధ్య వెలుగులో ఉన్న తేడా. గాలిలోని అణువులు, ధూళికణాలు కొండ నుంచి వచ్చే కాంతిని పక్కలకు చెదరగొడతాయి. అదే సమయంలో ఎండను మన కంటివైపు మళ్లించి, కొండకు మనకు మధ్య ఒక తెల్లటి తెర వేస్తాయి. ప్రతి కిలోమీటరుకూ ఆ తేడాలో ఇంత శాతం అని కోత పడుతుంది. చక్రవడ్డీ లెక్కను తిరగేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

తేడా 2 శాతానికి పడిపోతే మామూలు కంటికి వస్తువు మాయమవుతుందనే అంచనాతో జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త హరాల్డ్ కోష్‌మీడర్ 1924లో దృశ్యదూరానికి ఒక సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం చూపు 130 కి.మీ. దాకా సాగిన రోజున కిలోమీటరుకు 3 శాతం కోత పడుతున్నట్టు. మిలాన్ చేరేసరికి తేడాలో పావు వంతుకు పైగా మిగులుతుంది, అందుకే భవనాలు విడివిడిగా తెలుస్తాయి. చూపు 20 కి.మీ.కే ఆగిపోయిన రోజున కిలోమీటరుకు 18 శాతం పోతోంది. అప్పుడు మిలాన్ దూరానికి మిగిలేది పది వేలలో మూడు నాలుగు వంతులు మాత్రమే. నగరం ఎక్కడికీ పోలేదు, దాన్ని చూపించే తేడా పోయింది.

ధూళి ఏమీ లేని, అణువులు మాత్రమే ఉన్న గాలిలో సముద్రమట్టం దగ్గర చూపు సుమారు 300 కి.మీ. సాగుతుంది. అంతకు తగ్గినదంతా గాలిలో తేలే కణాల వల్ల, తేమ వల్ల వచ్చిన నష్టమే.

ఈ కొండలను చూసి ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవారిలో లియొనార్డో డావించీ ఒకడు. మిలాన్‌లో ఏళ్లపాటు ఉన్న ఆయన, ఆకాశపు నీలం గురించి లీసెస్టర్ నోటుపుస్తకంగా పేరొందిన రాతప్రతిలో రాస్తూ, 'మొన్‌బోసో' అనే పర్వతం మీద తాను చూసినదాన్ని ప్రస్తావించాడు. అది మాంటె రోసా పర్వతరాశి అని చాలామంది పండితుల అభిప్రాయం. నీలం గాలికి సొంత రంగు కాదనీ, కంటికి కనిపించనంత సూక్ష్మమైన తేమకణాల మీద ఎండ పడి, వెనక చీకటి ఉన్నప్పుడు అలా కనిపిస్తుందనీ ఆయన వాదన. ఎండు కట్టెల పొగ నల్లటి నేపథ్యం ముందు నీలంగా కనబడటాన్ని ఉదాహరణగా చూపాడు. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పెరిగినవారెవరికైనా ఇది అనుభవమే. తేమకణాల విషయంలో ఆయన ఊహ సరికాకపోయినా, చెదిరే కాంతే కారణమన్న దారి సరైనదే. 1871లో రేలీ దానికి గణితం ఇచ్చాడు. అణువులు ఎరుపు కంటే నీలాన్ని నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా చెదరగొడతాయి. అందుకే శుభ్రమైన గాలిలో దూరపు కొండలు నీలంగా ఉంటాయి. కాలుష్య కణాలు అణువుల కంటే చాలా పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి కాబట్టి అవి నిండిన గాలిలో కొండలు తెల్లబారిపోతాయి. దూరపు కొండ నీలంగా ఉందా, పాలిపోయి ఉందా అన్నది చూసి గాలి ఎలా ఉందో చెప్పవచ్చు.

మూత పెట్టిన మైదానం

పో మైదానానికి మూడు వైపులా గోడలున్నాయి. ఉత్తరాన, పడమట ఆల్ప్స్, దక్షిణాన అపెనైన్. తూర్పున ఏడ్రియాటిక్ సముద్రం వైపు మాత్రమే తెరిచి ఉంది. గాలులు బలహీనం. ఇందులో సుమారు రెండు కోట్ల మంది ఉంటున్నారు. ఇటలీ పరిశ్రమల్లో, పశుపోషణలో పెద్ద వాటా ఇక్కడిదే.

చలికాలంలో ఈ పెట్టెకు మూత కూడా పడుతుంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడాలి. కానీ మేఘాలు, గాలి లేని పొడవాటి రాత్రుల్లో నేల వేడిని కోల్పోయి, దానికి ఆనుకున్న గాలిని చల్లబరుస్తుంది. బరువైన చల్లగాలి అడుగున, తేలికైన వెచ్చటి గాలి పైన చేరతాయి. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. అడుగు గాలి పైకి లేవలేదు, దానితోపాటు పొగ కూడా. నా మొదటి నడకలో ఊళ్లో చేతులు కొంకర్లు పోతుంటే, వెయ్యి మీటర్ల పైన కోటు విప్పాల్సి వచ్చింది. బూడిద దుప్పటి పైఅంచు కత్తితో కోసినంత సాఫుగా ఉంది. ఆ అంచే విలోమపు మూత.

పాడేరు దగ్గర వంజంగి కొండ మీదికి తెల్లవారుజామున ఎక్కి మేఘసముద్రం చూసినవారికి ఈ దృశ్యం కొత్తకాదు. అక్కడా లోయలో చల్లగాలి నిలవడమే కారణం. తేడా ఏమిటంటే వంజంగి దగ్గర పరుచుకునేది ప్రధానంగా నీటి బిందువులు. పొద్దెక్కితే కరిగిపోతుంది. మిలాన్ మీద పరుచుకునేది పొద్దెక్కినా పోదు, రోజుల తరబడి ఉంటుంది.

ఎందుకంటే ఆ దుప్పటి నేత వేరు. ఇళ్లు వెచ్చబెట్టుకునేందుకు కాల్చే కట్టెల పొగ ఒకటి. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు మరొకటి. పొలాల్లోని పేడ ఎరువు, పశువుల కొట్టాల నుంచి వచ్చే అమ్మోనియా ఇంకొకటి. ఈ చివరి రెండూ గాలిలోనే కలిసి అమ్మోనియం నైట్రేట్ కణాలుగా మారతాయి. ఈ కణాలు తేమ పీల్చి ఉబ్బుతాయి. ఉబ్బినకొద్దీ కాంతిని మరింత చెదరగొడతాయి. అంటే మనం చూసే మసకలో కొంత భాగం ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాలేదు, గాలిలోనే తయారైంది.

2020 లాక్‌డౌన్ దీన్ని బయటపెట్టింది. ఆ వసంతంలో పో మైదానంలో రాకపోకలు ఆగి నైట్రోజన్ డయాక్సైడ్ బాగా పడిపోయింది. సూక్ష్మ ధూళికణాలు మాత్రం అంతగా తగ్గలేదు. ఇళ్లలో పొయ్యిలు, పొలాల్లో ఎరువులు ఆగలేదు మరి. అదే ఏప్రిల్‌లో మన పంజాబ్‌లోని జలంధర్ వాసులకు ధౌలాధార్ మంచుకొండలు మేడలమీద నుంచి కనిపించాయి. ఉత్తరాన హిమాలయాల గోడ, చలికాలపు విలోమం, పొలాల నుంచి అమ్మోనియా, పొగ. గంగా మైదానానిది కూడా ఇలాంటి పెట్టే, పరిమాణంలో ఎన్నో రెట్లు పెద్దది. ఒక చోట నేర్చిన పాఠం రెండో చోట పనికొస్తుంది. వాహనాలను మాత్రమే అదుపు చేస్తే సరిపోదన్నది ఆ పాఠం.

దీనికి మూల్యం ఊపిరితిత్తులు, గుండె చెల్లిస్తున్నాయి. పీఎం 10 ధూళికణాల పరిమితులను ఇటలీ 2008 నుంచి 2017 వరకు పదే పదే ఉల్లంఘించిందని 2020 నవంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. ఉల్లంఘన జరిగిన ప్రాంతాల్లో పో మైదానంలోనివి చాలా ఉన్నాయి. ఇంకా సన్నని పీఎం 2.5 కణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. యూరప్ 2030 నాటికి 10కి దిగాలని చట్టం చేసుకుంది. మన దేశపు ప్రమాణం 40.

ఈ మూతను తాత్కాలికంగా ఎత్తేది ఫాన్ గాలి. ఆల్ప్స్ దాటి దక్షిణపు వాలు దిగుతున్న గాలి ఒత్తిడికి లోనై, దిగిన ప్రతి కిలోమీటరుకూ దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, పొడిబారుతుంది. అది మైదానం మీద పడి దుప్పటిని ఊడ్చేస్తుంది. నా రెండో నడకకు ముందురోజు రాత్రి వీచింది అదే. ఫాన్ వెళ్లిన మర్నాడు బయలుదేరడమే ఈ కొండల్లో మంచి దృశ్యానికి మార్గం.

కాలి కింద సముద్రం

దూరం చూసి అలసిన కళ్లను కిందికి దించితే మరో కథ కనిపిస్తుంది. కోర్నిత్సోలో, దాని చుట్టుపక్కల కొండల రాయి ఎక్కువగా ట్రయాసిక్, జురాసిక్ కాలాల సున్నపురాయి. అంటే ఇరవై కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూగా టెథిస్ అనే సముద్రం అడుగున పేరుకున్న అవక్షేపం. ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన భూఫలకం ఐరోపాను ఢీకొన్నప్పుడు అది మడతలు పడి పైకి లేచింది. భారత ఫలకం ఆసియాను ఢీకొని హిమాలయాలను లేపినప్పుడు నలిగింది కూడా టెథిస్ అవక్షేపాలే. నేపాల్ గండకీ నది నుంచి వచ్చి మన దేవతార్చన పళ్లెంలో చేరిన సాలగ్రామం ఆ సముద్రపు అమ్మోనైట్ జీవి శిలాజం. లొంబార్దీ కొండల్లోని ఒక రకం ఎర్రని సున్నపురాయికి అమ్మోనైట్ల పేరే పెట్టారు.

కొండ కింద రెండు పాయలుగా చీలినట్టున్న అన్నోనె చెరువు, దాని పక్కన పుసియానో చెరువు కనిపిస్తాయి. ఇవి హిమానీనదాల జ్ఞాపకాలు. సుమారు ఇరవై వేల ఏళ్ల క్రితం, గత హిమయుగం ముదిరినప్పుడు, లోపలి ఆల్ప్స్ నుంచి కోమో సరస్సు లోయ గుండా మంచు ఇక్కడిదాకా దిగింది. వెనక్కి తగ్గుతూ రాళ్లు, మట్టి దిబ్బలుగా వదిలేసింది. వాటి మధ్య నీళ్లు నిలిచాయి. పక్కనే వాల్మద్రేరా ఊరి పైన ప్రెగూదా అనే బండ ఉంది. చుట్టూ అంతా సున్నపురాయి ఉంటే ఇది మాత్రం గ్రానైట్ జాతిది. పదుల కిలోమీటర్ల అవతలి నుంచి మంచు మోసుకొచ్చి దించిన రాయి.

1873లో ఒక మాట

ఆ బండ గురించి రాసినవారిలో లెక్కోలో పుట్టిన ఆంటోనియో స్టొప్పానీ (1824-1891) ఒకరు. క్రైస్తవ మతాచార్యుడు, భూగర్భశాస్త్రవేత్త. 1848లో మిలాన్ ప్రజలు ఆస్ట్రియా సేనపై తిరగబడినప్పుడు, ముట్టడిలో ఉన్న నగరం గోడల మీదుగా సందేశాలు పంపేందుకు వేడిగాలి బుడగలు ఎగరేసిన విద్యార్థుల్లో ఆయన ఉన్నారు. పర్వతారోహకుల సంఘం మిలాన్ శాఖకు తొలి అధ్యక్షుడు కూడా ఆయనే. ఇటలీ ప్రకృతిని మామూలు పాఠకులకు వివరిస్తూ 1876లో రాసిన 'ఇల్ బెల్ పాయెసె' ఎంత పేరు తెచ్చుకుందంటే, తర్వాత ఒక జున్నుకు ఆ పేరు పెట్టి, చుట్టిన కాగితం మీద ఆయన బొమ్మ వేశారు.

1873లో తన భూగర్భశాస్త్ర గ్రంథంలో స్టొప్పానీ ఒక కొత్త యుగాన్ని ప్రతిపాదించారు. పేరు 'ఆంత్రోపొజోయిక్', అంటే మానవజీవ యుగం. మనిషి భూమి మీద కొత్త భౌగోళిక శక్తి అయ్యాడనీ, రాబోయే కాలపు పొరల్లో అతని గుర్తులు మిగులుతాయనీ ఆయన వాదన. దాన్ని అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు. 2000లో పాల్ క్రుట్జెన్, యూజీన్ స్టోర్మర్ 'ఆంత్రోపొసీన్' అనే పదాన్ని ముందుకు తెచ్చారు. 2002లో క్రుట్జెన్ తన వ్యాసంలో స్టొప్పానీని గుర్తుచేసుకున్నారు. దాన్ని భూగర్భ కాలమానంలో అధికారికంగా చేర్చాలన్న ప్రతిపాదనను 2024 మార్చిలో తిరస్కరించారు. పేరు ఖాయం కాలేదు గాని గుర్తులు మాత్రం ఉన్నాయి.

అవి ఎక్కడున్నాయో శిఖరం మీద నుంచే చూపించవచ్చు. పడమట మెరుస్తున్న మాంటె రోసా మీద, సుమారు 4450 మీటర్ల ఎత్తున, కొల్లె న్యిఫెత్తి అనే మంచు జీను ఉంది. శాస్త్రవేత్తలు అక్కడ మంచును నిలువుగా తొలిచి, ఏటేటా పేరుకున్న పొరలను చదివారు. సహారా ఎడారి దుమ్ము ఎర్రటి చారలుగా ఉంది. పారిశ్రామిక కాలం రాగానే సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం, మసి పెరగడం ఉంది. ఎండాకాలంలో మూత తొలగి పైకి లేచిన మైదానపు గాలి అంత ఎత్తుకూ చేరుతుంది. కొండ కింద కనిపించే మసకే అక్కడ పొరగా గడ్డకడుతోంది.

ఆ పొరల్లో ఇంకొక విషయం కూడా ఉంది. ఇంధనంలో గంధకాన్ని తగ్గించే చట్టాలు వచ్చాక, 1970ల తర్వాత, సల్ఫేట్ తగ్గుముఖం పట్టింది. చేసిన తప్పును మంచు ఎంత జాగ్రత్తగా రాసుకుందో, దిద్దుకున్న వైనాన్నీ అంతే జాగ్రత్తగా రాసుకుంది. కొన్ని దశాబ్దాలుగా మిలాన్ గాలిలో ధూళికణాలు కూడా తగ్గుతూ వస్తున్నాయి, తగ్గాల్సినంతగా కాకపోయినా. ఈలోగా ఆల్ప్స్ హిమానీనదాలు కరిగి చిక్కిపోతున్నాయి. ఆ లిపి చెరిగిపోకముందే చదవాలన్న తొందర శాస్త్రవేత్తలకు ఉంది.

రెండో రోజు సాయంత్రం దిగుతుండగా మఠం దగ్గర ఆగి వెనక్కి చూశాను. మైదానంలో దీపాలు వెలుగుతున్నాయి, గాలి పడిపోయింది. మిలాన్ మీద పల్చటి గోధుమరంగు గీత మళ్లీ మొదలైంది. మీరు ఈసారి ఏ కొండ ఎక్కినా, అది కోర్నిత్సోలో కానక్కరలేదు, మీకు దూరం తెలిసిన గుర్తు ఒకటి ఎంచుకోండి. ఒక గుడి గోపురమో, సెల్‌టవరో, అవతలి కొండో. అది కనిపించిందా, నీలంగా ఉందా, పాలిపోయిందా అని తేదీ వేసి రాసుకోండి. పరికరం అక్కర్లేని కొలత అది. పది నడకలు తిరిగేసరికి మీ ఊరి గాలి గురించి మీకు కొంత తెలిసి ఉంటుంది.